సిస్టరమ్మ వార్డుల పదకొండు మంచాలు

ముప్పై రెండేండ్లు వచ్చేదాక నేను దవాఖాన మెట్లెక్కింది లేదు. మొయినాబాద్ బడిల డ్రిల్ మాస్టర్ను. పొద్దుగాల లేచి రెండు మైళ్లు ఉరికి, వంద దండీలు తీసి, చెంబెడు పాలు తాగేటోన్ని. జబ్బు పడ్డోళ్లను చూస్తే మనసుల చిన్నచూపు ఉండేది. ఒళ్లు వంచితే జరాలెందుకొస్తయ్ అని స్టాఫ్ రూముల గట్టిగనే అనేటోన్ని. అట్ల ఎంతమందిని బాధపెట్టిన్నో ఇప్పుడు యాదికి లేదు. వాళ్లందరి ఇండ్లకు పోయి తప్పైందని చెప్పుడు అయ్యేపని గాదు గనక కూసోని ఇది రాస్తున్న. ఇంకెవరన్న నా తీరు మనిషి చదివితే జర జాగ్రత్త పడతడేమోనని గూడ ఒక ఆశ.

అది అరవైతొమ్మిదో సాలు, ఎండాకాలం. బడులు బంద్. పిల్లలు లేరు, డ్రిల్లు లేదు. నా గొంతుకు మాత్రం పని దొరికింది. ప్రత్యేక రాష్ట్రం గావాల్నని ఊరూర మీటింగులు, ఊరేగింపులు. మా బడి హిందీ పండితుడు మా దిక్కు ముందు నిలబడి నడిపించేటోడు. ఆయన రాగం తీసి నినాదమంటే మూడు వరుసల దాక వినవడేది, నేను అంటే మూడు ఊర్లకు వినవడేది. అందుకే నన్ను వెంట తిప్పుకునేటోడు. చేవెళ్లల పెద్ద మీటింగు పెట్టినప్పుడు వరుసలు కట్టిచ్చుడు, ఎండకు జనం సోలిపోకుంట నీళ్లు, పెరుగు చిలికిన సల్ల చూసుకునుడు నా డ్యూటీ.

ఆ మీటింగుకు మా మామను గూడ బలవంతంగ తోలుకపోయిన. మా మామ పేరు రామయ్య. కనకమామిడిల కూరగాయల తోట ఉన్నది. నన్ను అల్లునిగ చేసుకున్నడు గని, నా కొలువు మీద ఆయనకు ఎన్నడూ గురి లేదు. "డ్రిల్ మాస్టరంటే ఏం చెప్తడు? నిలబడు, తిరుగు, నడువు అంటడు. మా ఎడ్లకు నేను గూడ అదే చెప్త" అని నలుగురిట్ల అనేటోడు. ఆ రోజన్న నా పెద్దరికం ఆయన కండ్లపడాలెనని నా తాపత్రయం. మీటింగు బ్రహ్మాండంగ అయింది. మామ ఒక్క మాట అనలే. అదే నాకు మెడల్.

పన్నెండు రోజులకు నాకు తలనొప్పి మొదలైంది.

మొదట్ల ఎండ దెబ్బ అనుకున్న. రెండో రోజు జరం. దండీలు తీస్తే చెమట పట్టి దిగుతదని ముప్పై తీసిన. ముప్పై ఒకటోది తియ్యబోయి నేల మీద పన్నోన్ని మల్ల లేవలే. నా భార్య అనసూయ వచ్చి చూసి, "ఇది గూడ కసరత్తేనా?" అని అడిగింది. నేను అవునన్న. ఆమె నా నెత్తి మీద చెయ్యి పెట్టి, ఇంకేం అడగకుంట, బండి కట్టేటాయన ఇంటికి పోయింది.

బస్సులు లేవు. రోడ్డు మీద అక్కడక్కడ రాళ్లు పెట్టిండ్రు. పట్నంల కర్ఫ్యూ అంటున్నరు. అందుకే పట్నం దిక్కు గాకుండ చేవెళ్ల దిక్కు పోయినం. ఆ దారిల ఒక చిన్న మిషన్ దవాఖాన ఉండేది. పేరెందుకు లెండి. డాక్టరుగారు పట్నం నుంచి వారానికి రెండుసార్లు వచ్చేటోడు. నేను పోయిన నాటికి ఆయన వచ్చి తొమ్మిది రోజులైంది. వరండాల ముప్పై మంది కూసున్నరు. ఎవరి ముఖంల చూసినా ఎవరో ఒకరు వస్తరన్న ఆశ ఉన్నది గని, ఎవరొస్తరో తెలువది.

వచ్చింది సిస్టర్ సుగుణమ్మ. నలభై ఐదేండ్ల మనిషి. నా భుజం దాక గూడ రాదు. ఆ చుట్టుపక్కల ఊరామెనే. తాత కాలం నుంచి చర్చికి పోయే ఇల్లు. అందరు సిస్టరమ్మ అంటరు. ఆమె నా నాలుక చూసింది, కడుపు నొక్కింది, ఎన్ని రోజులైందని అనసూయను అడిగింది.

"నన్ను అడుగుండ్రి, చెప్త" అన్న.

"నువ్వు రెండు రోజులంటవు సారూ. ఆమె నిజం చెప్తది."

"ఐదు రోజులు సిస్టరమ్మా" అన్నది అనసూయ.

"మియాదీ జరం తీరున్నది. టైఫాయిడ్. పడుకో."

"డాక్టరుగారు చూడకుంటనే?"

"డాక్టరుగారు చూడాల్నంటే రోడ్డు మీద రాళ్లు తియ్యాలె. ఆ రాళ్లు పెట్టినోళ్లు మీరే గదా?"

నేను పడుకున్న.

లోపల పొడుగాటి వార్డు. ఆరు ఇనుప మంచాలు. మిగిలినయ్ చర్చి బెంచీలు రెండ్రెండు కలిపి తాళ్లతోటి కట్టి చేసినయ్. నడుమ చీర కట్టి ఆడోళ్లకు ఒక దిక్కు, మొగోళ్లకు ఒక దిక్కు. నాకు బెంచీ దొరికింది. నా నడుము కింద చెక్క మీద "దేవుడు ప్రేమయై యున్నాడు" అని చెక్కి ఉన్నది. బోర్లా పంటే అది కడుపుకు గుచ్చుకునేది. పక్క మంచం మీద ఎవరో ముసుగు తన్ని మూలుగుతున్నరు. ముసుగు తీసి చూస్తే మా మామ.

"నువ్వు గూడ వచ్చినవా అల్లుడా?" అన్నడు. పెండ్లయిన ఆరేండ్లల ఆయన నన్ను చూసి సంబురపడింది అదే మొదటిసారి.

మొదటి వారం గురించి నాకు సగమే తెలుసు. జరం ఎక్కినప్పుడు నేను వార్డుకు "అటెన్షన్" చెప్పిన్నట. ఇద్దరు నిజంగనే లేచి నిలబడ్డరట. తెలివి ఉన్నప్పుడు మాత్రం భయంగ ఉండేది. పైకప్పు రేకులు లెక్కపెట్టేటోన్ని. లెక్క తప్పితే బుర్ర పోతున్నదేమోనని చెమటలు పట్టేటియ్. నా అంత మనిషిని పక్కకు ఒత్తిగిలించడానికి అనసూయ, ఆయా ఇద్దరు గావాలె. సిగ్గుతోటి కండ్లు మూసుకునేటోన్ని. ఒకనాడు సిస్టరమ్మ ఒక్కతే వచ్చి, నా మోకాలు వంచి, భుజం మీద చెయ్యేసి, అలవోకగ తిప్పేసింది. "బలంతోటి గాదు సారూ, కీలు తెలిస్తె సాలు" అన్నది. డ్రిల్ మాస్టరుకు చెప్పవలసిన మాటేనా అది!

ఆ దవాఖానల అంతకుముందు ఒక రోగి వస్తే పదిమంది చుట్టాలొచ్చి మంచం మీదనే కూసునేటోళ్లట. సిస్టరమ్మ దాన్ని మార్చింది. రోగికి ఒక్కరే తోడు. ఎవరి గిలాస వాళ్లది. మసిలించిన నీళ్లే తాగాలె. లోపలికి వస్తే చేతులు కడగాలె, బయటికి పోతే కడగాలె. ఇంతమందిని తాను, ఆయా ఇద్దరే చూసుడు కష్టమని తోడు వచ్చినోళ్లకు పని నేర్పింది. థర్మామీటర్ చూసుడు, నాడి లెక్కపెట్టుడు, అంబలి కొలిచి పోసుడు. ప్రతి మంచానికి ఒక అట్ట కట్టి, దాని మీద గీతలు గీయించింది.

గీతలు గీసే పని అనసూయకు వచ్చింది. ఆమె ఎనిమిదో తరగతి దాక చదివింది. తొమ్మిదిల చేరుతనంటే మా మామ వద్దన్నడు. ఆమె రాత ముత్యాల తీరు ఉంటది. సిస్టరమ్మ మొదటి అట్ట చూసి, "అనసూయా, మిగిలిన పది గూడ నువ్వే రాయి" అన్నది. అట్ల నా భార్య పదకొండు మంది జరాలకు లెక్క రాసేటామె అయింది. నా మంచం కాడికి వచ్చినప్పుడు గూడ నన్ను చూసేది కాదు, అట్టను చూసేది.

సిస్టరమ్మ నాకు గోలీలు అప్పటికే షురూ చేసింది. చేదు గోలీలు, మింగినంక గూడ గంట సేపు నాలుక మీద కూసునేటియ్. డాక్టరు చెప్పకుంట ఇయ్యొచ్చునా అని మా లోపల ఒకరిద్దరికి అనుమానం. ఆమెకు గూడ ఫికర్ లేకపోలేదు. పట్నం దాక పొలాల వెంబడి సైకిల్ మీద పాలు మోసుకపోయే ఒకాయన ఉండె. ఆయన చేతికి చీటీ ఇచ్చింది. ఎంతమంది, ఏ లక్షణాలు, తాను ఏ గోలీలు ఇస్తున్నది, ఇంక నడిపించాల్నా వద్దా, అన్నీ రాసింది. మూడో రోజుకు జవాబు వచ్చింది. పాలాయన దాన్ని ఎవరికీ దొరకద్దని పాల క్యాను మూతల దాచిండు. అడుగున మిగిలిన పాలు ఎగిరి చీటీ నానింది. విప్పి చూస్తే మీద సిస్టరమ్మ పేరు, కింద డాక్టరు సంతకం, నడుమ ఒకే ఒక్క మాట మిగిలింది. అది "కానీ"నో, "కాని"నో తెలుస్తలేదు. గుడి దీర్ఘం ఉండే కాడ పాల మరక ఉన్నది.

వార్డంత లేచి కూసున్నది. 

"కానీ అంటే కానియ్యి, నడిపించు అని" అన్నది ఆయా.

"కాని అంటే, ఇచ్చినవు కాని... అని ఇంకేదో ఆక్షేపణ రాసినట్టున్నది" అన్న నేను. బడిల పనిచేస్తున్న గనక వ్యాకరణం నా బాధ్యత అనిపించింది.

మా మామ చీటీ తీసుకోని వాసన చూసి, "పాలు మంచియే" అన్నడు.

సిస్టరమ్మ చీటీని ఎండకు పట్టింది. తిప్పి చూసింది. తర్వాత దాన్ని మడిచి జేబుల పెట్టుకున్నది.

"దీర్ఘం ఉన్నది" అన్నది. "లేకపోతే పెట్టిన బాధ్యత నాది. గోలీలు నడుస్తయ్."

రెండో వారంల జరం జర తగ్గుముఖం పట్టి, మాకు మాట్లాడే ఓపిక వచ్చింది. అప్పుడు సిస్టరమ్మ ఒక నోటుబుక్కు పట్టుకోని మంచం మంచానికి తిరుగుడు మొదలుపెట్టింది. పదకొండు మంది నాలుగు ఊర్లోళ్లు. ఒక బావి కాదు, ఒక గల్లీ కాదు. మరి అందరికి ఒకేసారి ఎట్ల వచ్చింది? ఆమె ప్రశ్నలు ఒక్కతీరే ఉండేటియ్. గీ నెలల ఎక్కడికి పోయినవ్? ఏం తిన్నవ్? ఏం తాగినవ్?

మూలమంచం మీద ఎల్లవ్వ ఉండేది. అరవై దాటిన మనిషి. "యాడికి పోత బిడ్డా, మీటింగుకు పోయిన" అన్నది. పక్కామె, "నేను గూడ మీటింగుకే". మొగోళ్ల దిక్కు వచ్చేసరికి అందరిదీ అదే జవాబు.

"మీటింగుల ఏం తాగినరు?"

"సల్ల."

నాకు చెవులు వేడెక్కినయ్. అది జరం కాదు. దుప్పటి మెల్లగ ముఖం మీదికి గుంజుకున్న.

సిస్టరమ్మ మా మామ కాడికి వచ్చింది. "నువ్వు గూడ తాగినవా పెద్దాయనా?"

"ఒకటా? రెండు గిలాసలు. మా అల్లుడే పోసిండు. సల్ల పంచుడంత ఆయన చేతుల మీదనే నడిచింది. ఇంకో గిలాస తాగు మామా అని బలవంతం గూడ చేసిండు. ఆరేండ్లల ఆయన చేసిన మర్యాద అదొక్కటే. గదేనా నా కడుపుల పడ్డది?"

దుప్పటి కింద నాకు నా ఊపిరి వినవడుతున్నది.

"సారూ," అన్నది సిస్టరమ్మ, "దుప్పటి తియ్యి. సల్లల ఏ నీళ్లు కలిపినవ్?"

"రోడ్డు పక్క దిగుడు బావియి. దగ్గరుండెనని."

"మసిలించినవా?"

"రెండు వందల మందికి ఎట్ల మసిలించాలె సిస్టరమ్మా?"

"మరి పదకొండు మందికి నేను ఎట్ల మసిలిస్తున్న?"

లేచి కూసోని, అందరి ముఖాలు చూసుకుంట, తప్పైంది అని చెప్పిన. మూడు ఊర్లకు వినవడే గొంతు ఆనాడు మూడు మంచాలకు వినవడలే. "ఏమంటుండు?" అని ఆ కొస నుంచి అడిగిండ్రు. ఇంకోసారి చెప్పాల్సి వచ్చింది. అది మొదటిదానికన్న కష్టం.

ఎల్లవ్వ చీర పక్కకు జరిపి నన్ను చూసింది. "గట్లంటవేంది సారూ. సల్ల మంచిగనే ఉండె. ఉప్పే జర తక్కువైంది" అన్నది.

మొదట ఎవరు నవ్విండ్రో తెలువది. నవ్వు వార్డంత పాకింది. నేను మాత్రం ఏడ్చిన. జరంల ఏడుస్తే ఎవరూ పట్టించుకోరు, అదొక్క సౌకర్యం.

సిస్టరమ్మ ఆ మధ్యాహ్నమే హిందీ పండితునికి కబురు పంపింది. ఆయన మెడల కండువతోటి, ఉపన్యాసానికి తయారయ్యి వచ్చిండు. ఆమె నోటుబుక్కు చూపించి, "రాష్ట్రం సంగతి మీరు చూస్కోండ్రి. జర బావి సంగతి గూడ చూడుండ్రి" అన్నది. బ్లీచింగ్ పౌడరు ఆమె స్వయంగ పోయి చల్లింది. కంచె కట్టి, ఎవరూ నీళ్లు తోడకుంట పండితుడు రెండు వారాలు వాలంటీర్లను కాపలా పెట్టిండు. మా దిక్కు ఆ ఉద్యమంల వంద శాతం జయప్రదమైన బంద్ అదొక్కటే.

నన్ను ఎవరూ తిట్టకపోవుడు నాకు తిట్టినదానికన్న ఎక్కువైంది. ఎవరి ముఖం చూడలేక గోడ దిక్కు తిరిగి పండుకునేటోన్ని. రెండు రోజులు చూసి సిస్టరమ్మ వచ్చింది.

"సారూ, చేతులు కడుగుమంటే మందిల ఒక్కరు కడుగుతున్నరు, ఇద్దరు తడుపుకుంటున్నరు. నాకు అరిచే ఓపిక లేదు. నీకు పనేం లేదు. డ్రిల్లు చేయించు."

మరునాటి నుంచి బెంచీ మీద పండుకోనే నేను కమాండ్ ఇచ్చిన. "సబ్బు... తీస్కో! అరచేతులు... రుద్దు! వేళ్ల నడుమ... రుద్దు! గోర్లు... ఒకటి, రెండు, మూడు!" తోడు వచ్చినోళ్లు బయట తొట్టి కాడ వరుసగ నిలబడి రుద్దేటోళ్లు. మొదట నవ్విండ్రు, తర్వాత అలవాటైంది. ఒకనాడు చూడవచ్చిన పటేలు ఒకాయన కడగకుంట లోపలికి రాబోతే, నేను "వెనుకకు... తిరుగు!" అన్న. తిరిగిండు.

ఇదంత వింటే నేను మంచి మనిషినైపోయిన్నని మీరు అనుకుంటరు. కాలే. నాకు ఆకలైతున్నది.

మియాదీ జరం దిగేటప్పుడు వచ్చే ఆకలి అనుభవించినోళ్లకే తెలుసు. అంబలి, గంజి, పాలు. మల్ల అంబలి. గట్టి తిండి ముట్టద్దు, పేగు పలచన పడి ఉన్నది, ఒక రొట్టె ముక్క చాలు చినగడానికి అని సిస్టరమ్మ రోజూ చెప్పేది. నాకు వినవడేది ఒక్కటే మాట, రొట్టె. నిద్రల జొన్న రొట్టెలు వరుసగ నిలబడి నాకు సెల్యూట్ కొట్టేటియ్.

మా మామ గూడ అదే పరిస్థితిల ఉన్నడు. ఆరేండ్లు ఒకరితోని ఒకరు సరిగ మాట్లాడని మేము ఇద్దరం ఆ మూడో వారంల చెవుల గుసగుసలాడుకునే దోస్తులమైనం. ఒక పగటిపూట సిస్టరమ్మ మందుల గదిల ఉన్నది, అనసూయ అట్టలు రాస్తున్నది. కనకమామిడి నుంచి మామను చూడవచ్చిన చుట్టం కిటికీల నుంచి ఒక మూట అందించిండు. రెండు జొన్న రొట్టెలు, పచ్చి మిరపకాయ తొక్కు. దుప్పటి కింద పంచుకున్నం. నేను ఒకటిన్నర తిన్న. అంత రుచైన తిండి నా జన్మల తినలే. ఇది ఒప్పుకోకపోతే ఈ రాత అబద్ధమైతది.

మరునాడు పొద్దున కడుపుల ఏదో తెగినట్టైంది. చెమటలు పట్టినయ్. జరం ఒక్కసారిగ దిగింది. నేను సంతోషపడ్డ, నయమైంది అనుకున్న. అనసూయ బెడ్‌పాన్‌ల నెత్తురు రంగు చూసింది. నా చెయ్యి పట్టుకోని, గోడ గడియారం దిక్కు చూసుకుంట నాడి లెక్కపెట్టింది. తర్వాత ఉరకకుంట, గబగబ నడిచి పోయింది. ఆమె మాట నాకు వినవడ్డది.

"సిస్టరమ్మా, నిన్న తొంభై ఉండె. ఇప్పుడు నూట ముప్పై. జరం లేదు. చేతులు చల్లగైనయ్."

ఆ తర్వాత నడిచినయ్ నాకు ముక్కలు ముక్కలుగ యాదికున్నయ్. మంచం కాళ్ల దిక్కు ఇటుకలు పెట్టి లేపిండ్రు. చేతికి సెలైన్ సీసా. నోట్ల చుక్క నీళ్లు లేవు. కదలద్దు, మాట్లాడద్దు. సిస్టరమ్మ ముఖం నా ముఖం మీదికి వంగి, "సారూ, జీవితంల మొదటిసారి అటెన్షన్‌ల ఉండాలె" అన్నది. ఆమె నవ్వలే.

చచ్చిపోతనా అని అడుగుదామనుకున్న. నాలుక తిరగలే.

ఎట్ల తెలిసిందో, గంట లోపల పండితుడు ఇరవై మందితోటి వచ్చిండు. ఒక నులక మంచం, దానికి పూలదండ గూడ తెచ్చిండ్రు. నన్ను ఎత్తుకోని పట్నం పెద్ద దవాఖానకు నడిచిపోతరట. ముందర జెండాలు పట్టుకుంటే రోడ్డు అదే తెరుచుకుంటదట. మా పెద్దన్న గూడ వాళ్లతోనే ఉన్నడు. "డాక్టరు లేని కాడ తమ్మున్ని ఎట్ల ఉంచుతం?" అని లొల్లి చేసిండు. ఆయన భయం ఆయనది. తప్పు పట్టను.

సిస్టరమ్మ గుమ్మంల అడ్డంగ నిలబడ్డది.

"ఇరవై మైళ్లు భుజాల మీద ఊపుకుంట తీసుకపోతరా? లోపల చినిగిన కాడ గడ్డ కట్టాలె. కదిపితే కట్టది. మీరు లంగర్‌హౌజ్ చేరేసరికి ఆ పూలదండ పనికొస్తది."

పండితుడు దండను వెనుక దాచుకున్నడు.

"ఏమన్న అయితే ఎవరు జవాబుదారి?" అన్నడు మా అన్న.

"నేను. రాసిస్త. సంతకం పెడ్త." ఆమె గొంతు పెద్దగ చెయ్యలే. "సెలైన్ ఉన్నది, లెక్కపెట్టే మనుషులున్నరు. పొద్దుమూకే లోపల నాడి నూటపది కిందికి రాకపోతే నేనే బండి అడుగుత, నేనే ఎనుక నడుస్త. అప్పటిదాక ఈయనను ఎవ్వరు ముట్టద్దు."

అప్పుడు అనసూయ లేచింది. మా పెద్దన్న ముందర ఆమె ఎన్నడూ నోరు విప్పలే. "బావా, ఈడనే ఉంచుదాం. నేను లెక్కపెడుతున్న గదా" అన్నది. మా అన్న అరుగు మీద కూలబడ్డడు. ఇరవై మంది ఊరికెనే నిలబడద్దని సిస్టరమ్మ వాళ్లకు బిందెలు ఇచ్చి నీళ్లు మోయించింది.

ప్రతి పావుగంటకు అనసూయ వేళ్లు నా మణికట్టు మీద. నూట ముప్పై. నూట ఇరవై ఎనిమిది. మల్ల నూట ముప్పై. పక్క మంచం మీద మా మామ నెత్తి పట్టుకోని కూసున్నడు. తొక్కు వాసన దిండు కింద నుంచి అప్పటికే దొరికిపోయింది. సిస్టరమ్మ దిండు మార్చింది, అంతే. ఆయన తన అంబలి గూడ ముట్టలే. మెల్లగ నా దిక్కు వంగి, "అల్లుడా, సగం రొట్టె నా వంతుది గూడ నువ్వే లాక్కుంటివి. ఇయ్యకపోతే అయిపోవు. నా చేతులు పడిపోను" అని ఏడ్చిండు. మాట్లాడద్దని చెప్పిండ్రు గనక నేను కండ్లతోని ఊకో మామా అన్న. ఆయనకు అర్థమైందో లేదో గని, నా కాలి బొటనవేలు పట్టుకోని వదలలే.

ఎండ వాలుతుంటే నూట పద్దెనిమిది. ఇంకో గంటకు నూట పన్నెండు. ఆకాశం ఎర్రబడ్డప్పుడు అనసూయ రెండుసార్లు లెక్కపెట్టింది. నమ్మలేక సిస్టరమ్మను పిలిచింది. ఆమె గూడ లెక్కపెట్టింది.

"నూట ఆరు" అన్నది సిస్టరమ్మ. ఆ మాట అన్నంకనే స్టూలు మీద కూసున్నది. పొద్దటి నుంచి ఆమె కూసోలేదన్న సంగతి అప్పుడు ఎరుకైంది మాకు. ఎల్లవ్వ తన గిలాసల పాలు ఆమెకు పంపింది. ఎవరి గిలాస వాళ్లదన్న నియమం ఉన్నది గనక సిస్టరమ్మ ఆ పాలను తన గిలాసల పోసుకోని తాగింది.

వారం దాటినంక రోడ్డు జర తెరుచుకున్నది. డాక్టరుగారు వచ్చిండు. పదకొండు అట్టలు, నోటుబుక్కు, అన్నీ నిలబడి చదివిండు. నా అట్ట కాడ చాలాసేపు ఆగిండు. ఆమెను ఏమంటడోనని అందరం ఆయన దిక్కే చూసినం.

"సిస్టర్, ఈయన్ని నేనైతే పట్నం పంపించేవాణ్ని" అన్నడు.

"అందుకే సార్, మీరు ఆ రోజు రాకపోవుడే మంచిదైంది."

నోట్ల నుంచి మాట జారినంక ఆమె నాలుక కరుచుకున్నది. డాక్టరుగారు కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. పెద్దగ నవ్విండు. చీటీల ఏం రాసిండ్రని మేమందరం ఒక్కసారే అడిగినం. "మొదలుపెట్టింది సరైనదే, అలాగే కానీ అని రాశాను. పేజీడు రాశానే!" అన్నడు. దీర్ఘం గెలిచింది. ఆ నోటుబుక్కు ఇంటికి తీసుకపోయి చదువుకుంటనని అడిగిండు. ఆమె వెంటనే ఇయ్యలే, నకలు రాయించి ఇస్త అన్నది.

నకలు రాసింది అనసూయ.

పదకొండు మంది ఇండ్లకు పోయినం, పదకొండు మంది నడుచుకుంటనే. చివరికి పోయింది నేను. ఇంటికి వచ్చినంక నెత్తి మీద వెంట్రుకలు కుప్పలుగ రాలినయ్. బడి తెరిచిన నాడు నున్నటి నెత్తితోటి గ్రౌండుల నిలబడి అటెన్షన్ అంటే పిల్లలు నిలబడ్డరు గని, వాళ్ల భుజాలు నవ్వుతోటి ఊగుతున్నయ్. ఒక పిల్లగాడు జరమొచ్చింది సార్ అంటే, నీడకు పొమ్మన్న.

నాలుగు నెలలకు సిస్టరమ్మ మా ఇంటికి వచ్చింది. చాయ్ తాగింది. తాగినంక సంచిల నుంచి కాయితం తీసి అనసూయ ముందర పెట్టింది. పట్నంల నర్సు ట్రైనింగు ఫారం. ఎనిమిది పాసైనోళ్లను తీసుకుంటరు, హాస్టల్ల ఉండాలె.

"రోగి చెడిపోతున్నడని నాకన్న ముందుగాల పసిగట్టింది నువ్వు. అది నేను నేర్పింది గాదు. సార్‌ను అడుగు."

అనసూయ నా దిక్కు చూసింది. వంట ఎవరు చేస్తరు అన్న మాట నాలుక చివరిదాక వచ్చింది. సిగ్గైంది. "సంతకం ఎక్కడ పెట్టాలె?" అని అడిగిన. పెట్టాల్సింది నేను కాదట, ఆమెనట.

మా మామ మాత్రం కయ్యిమన్నడు. "మగనికి సేవ చేసింది సాలు. ఊరోళ్ల బెడ్‌పాన్లు గూడ ఎత్తుతవా? నేను బతికుండగ కాదు. సాగనంప గూడ రాను" అని కనకమామిడిల కూసున్నడు. అనసూయ రెండు రోజులు ఏడ్చింది, మూడో రోజు ట్రంకుపెట్టె సర్దింది.

పోయే నాడు పొద్దున మొయినాబాద్ స్టాండుల ముగ్గురం నిలబడ్డం. నేను, ఆమె, ట్రంకుపెట్టె. ఆమె మాటిమాటికి కనకమామిడి దిక్కు రోడ్డు చూస్తున్నది. నేను చూడనట్టు చూస్తున్న. చేవెళ్ల నుంచి కనకమామిడి మీదుగ పట్నం పోయే బస్సు వచ్చింది. కిక్కిరిసి ఉన్నది, ఫుట్‌బోర్డు మీద గూడ మనుషులు. ఎట్ల ఎక్కుతదని నేను పరేషాన్ అయితుంటే, మూడో కిటికీల నుంచి ఒక చెయ్యి బయటికి వచ్చి ఊగింది.

మా మామ. ఇస్త్రీ చేసిన అంగీ తొడుక్కున్నడు. పక్క సీటు మీద టవాల పరిచి, దాని మీద చెయ్యి పెట్టుకోని, కూసోబోయిన మనిషితోని కొట్లాడుతున్నడు.

"ఎన్నిసార్లు చెప్పాలె నీకు? ఈ సీటు నర్సమ్మది!"